అమాన్ నీడలో జెరూసలేం యాత్ర: ముస్లిం పాలనలో క్రైస్తవ యాత్రికుల బృందాలు

తీర్థయాత్ర దాదాపు అన్ని మతాలలోనూ ఉన్న ఆచారమే. అయితే ఒక మతస్థుల పుణ్యక్షేత్రం మరొక మతస్థుల ఏలుబడిలో ఉన్నప్పుడు ఆ యాత్ర కేవలం భక్తికి సంబంధించిన విషయంగా మిగిలిపోదు. అది పాలకుల ధర్మనిష్ఠకూ, వారి పరిపాలనా దక్షతకూ పరీక్షగా పరిణమిస్తుంది. ఇట్టి పరీక్ష ప్రపంచ చరిత్రలో అత్యంత దీర్ఘకాలం జరిగిన స్థలం జెరూసలేం. క్రీ.శ. 638 ప్రాంతం నుండి 1917 వరకు, క్రూసేడర్ల పాలనా కాలాన్ని మినహాయిస్తే, ఈ నగరం ముస్లిముల ఆధీనంలోనే ఉంది. ఈ సుదీర్ఘ కాలమంతటా బైబిలులో పేర్కొనబడిన స్థలాలను దర్శించుకోవడానికి క్రైస్తవులు గుంపులు గుంపులుగా వస్తూనే ఉన్నారు.

వారి పట్ల ముస్లిం పాలకులు ఎలా ప్రవర్తించారు? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. యాత్రికులను నిరంతరం హింసించినందువల్లనే క్రూసేడులు పుట్టాయనేది మొదటిది. ముస్లిం పాలనలో యాత్రికునికి ఎన్నడూ ఏ ఇబ్బందీ కలుగలేదనేది రెండవది. మొదటిది ద్వేషం నుండి పుట్టింది. రెండవది అభిమానం నుండి పుట్టింది. ఆ యాత్రికులే వ్రాసి ఉంచిన వృత్తాంతాలను, ముస్లిం చరిత్రకారుల రచనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండింటికంటె సత్యానికి చేరువైన మూడవ సమాధానం లభిస్తుంది.

ఇస్లాంకు పూర్వం

క్రైస్తవుల జెరూసలేం యాత్ర రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో ఊపందుకుంది. ఆయన తల్లి హెలీనా 326 తర్వాత పలస్తీనాను సందర్శించింది. ఏసుక్రీస్తు సమాధిగా క్రైస్తవులు విశ్వసించే స్థలంలో నిర్మించిన చర్చి 335లో ప్రారంభమైంది. అంతకు ముందే, 333లో, బోర్డో నగరానికి చెందిన ఒక అజ్ఞాత యాత్రికుడు తాను నడచిన దారిని మజిలీల వారీగా వ్రాసి ఉంచాడు. ఆ శతాబ్ది చివర ఎగేరియా అనే స్త్రీ సీనాయి మొదలుకొని జెరూసలేం వరకు తిరిగి, ఒక్కొక్క స్థలంలో దానికి సంబంధించిన బైబిలు భాగాన్ని చదివించుకుంటూ, ప్రార్థన చేస్తూ సాగింది. గ్రంథాన్ని చేతబట్టుకొని స్థలాన్ని చూడడమనే ఈ పద్ధతి నేటి యాత్రా బృందాలలో కూడ కనిపిస్తుంది. 614లో పారశీకులు నగరాన్ని పట్టుకున్నప్పుడు చర్చిలకు తీవ్ర నష్టం వాటిల్లింది. ముస్లిములు వచ్చేనాటికి నగరం ఆ గాయం నుండి ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన హామీ

జెరూసలేం ప్రజలు 637లోనో 638లోనో లొంగిపోయినప్పుడు వారికి హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన ఒప్పందపత్రం తబరీ చరిత్రలో లభిస్తుంది. ప్రజల ప్రాణాలకు, ఆస్తులకు, చర్చిలకు, సిలువలకు అందులో అభయం ఇవ్వబడింది. ఆ పత్రంలోని మాటలు యథాతథంగా నాటివేనా అనే విషయంలో ఆధునిక చరిత్రకారుల మధ్య చర్చ ఉంది. కాని నగరంలో క్రైస్తవ ఆరాధన ఆగకుండా సాగిందన్న విషయంలో సందేహానికి తావులేదు.

పరిశుద్ధ సమాధి చర్చిలో ఉన్నప్పుడు నమాజు వేళ అయిందనీ, లోపల నమాజు చేయమని పేట్రియార్క్ సొఫ్రోనియస్ కోరినా హజ్రత్ ఉమర్ (రజి) అంగీకరించక వెలుపల మెట్లపై చేశారనీ ప్రసిద్ధమైన కథనం ఉంది. తాను లోపల నమాజు చేస్తే, ఆ కారణంగా తన తర్వాతివారు చర్చిని స్వాధీనం చేసుకుంటారని ఆయన భావించారట. ఈ కథనాన్ని మనకు అందించినవాడు పదవ శతాబ్దికి చెందిన అలెగ్జాండ్రియా పేట్రియార్క్ యుటీకియస్. అరబ్బులు ఆయనను సయీద్ ఇబ్న్ బత్రీఖ్ అంటారు. దీనిని ఉదాహరించేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కాని యుటీకియస్ ఇక్కడ ఆగలేదు. తన కాలంలోని ముస్లిములు ఆ హామీని ఉల్లంఘించి చర్చి ముంగిట సగభాగాన్ని ఆక్రమించి అక్కడ మసీదు కట్టారని ఆయన వెంటనే ఫిర్యాదు చేశాడు. అంటే ఖలీఫాపై పొగడ్తగా మాత్రమే ఆయన ఈ కథ చెప్పలేదు. ఖలీఫా మాటను ఖలీఫా వారసులకు గుర్తు చేయడానికి చెప్పాడు. ముస్లిం పాలకుని మాటనే ముస్లిముల ముందు సాక్ష్యంగా నిలబెట్టగలననే విశ్వాసం ఒక క్రైస్తవ మతగురువుకు ఉండడం గమనార్హం.

ఇందులో మరొక విశేషం ఉంది. దివ్య ఖుర్ఆన్ ప్రకారం హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) సిలువపై చంపబడలేదు. కనుక ఆయన సమాధి అనే భావనే ముస్లిములకు సమ్మతం కాదు. మధ్యయుగపు ముస్లిం రచయితలలో కొందరు ఆ చర్చిని చులకన పేరుతోనే పేర్కొన్నారు. అయినా దానిని కాపాడడం పాలకుని బాధ్యతగా భావించబడింది. తాను నమ్మినదానిని గౌరవించడం ఎవరైనా చేస్తారు. నమ్మనిదానికి కావలి కాయడంలోనే కష్టం ఉంది. హజ్ సూరా 40వ ఆయత్‌లో మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు మసీదులతో కలిపి ప్రస్తావించబడిన సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది.

యాత్రికుని న్యాయపరమైన స్థితి

స్థానిక క్రైస్తవుడు జిమ్మీ. జిజియా చెల్లించి శాశ్వత రక్షణ పొందేవాడు. విదేశీ యాత్రికుని స్థితి వేరు. అతడు తరచు ముస్లిములతో యుద్ధంలో ఉన్న రాజ్యం నుండి వచ్చినవాడు. అట్టివానికి రక్షణ కల్పించే మార్గమే 'అమాన్', అనగా అభయం. అభయం కోరి వచ్చిన బహుదైవారాధకునికి సైతం అభయమిచ్చి సురక్షిత స్థలానికి చేర్చమని తౌబా సూరా 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. దీని ఆధారంగా ఫిఖ్హ్ పండితులు నియమాలను విస్తరించారు. అభయం పొందినవాడు 'ముస్తమిన్'. హనఫీ న్యాయం ప్రకారం అతడు ఒక సంవత్సరం లోపు ఎంతకాలం ఉన్నా జిజియా చెల్లించనవసరం లేదు.

ఆచరణలో ఇది ఎలా ఉండేదో తొలి యాత్రికులే చెప్పారు. ఆంగ్లేయుడు విల్లిబాల్డ్ 720 దశకంలో తన సహచరులతో వచ్చినప్పుడు హిమ్స్ నగరంలో గూఢచారులన్న అనుమానంతో నిర్బంధించబడ్డాడు. అధికారులు విచారించి, వీరు తమ మతధర్మాన్ని నెరవేర్చుకోవడానికి వచ్చినవారని తెలుసుకొని విడిచిపెట్టారు. అదే విల్లిబాల్డ్ తిరుగు ప్రయాణంలో విలువైన బాల్సం తైలాన్ని సొరకాయ బుర్రలో దాచి సుంకపు అధికారుల కన్నుగప్పి దాటించాడు. భక్తుడు పన్నులను ఎగవేయడం నేటి మాట కాదన్నమాట!

తొమ్మిదవ శతాబ్ది రెండవ భాగంలో బెర్నార్డ్ అనే సన్యాసి, ఇద్దరు సహచరులతో, నాడు ముస్లిముల పాలనలో ఉన్న ఇటలీలోని బారీ నగరానికి వెళ్ళి అక్కడి పాలకుని నుండి ప్రయాణ పత్రాలు తీసుకున్నాడు. వాటిలో వారి ముఖ చిహ్నాలు, ప్రయాణ వివరాలు వ్రాయబడ్డాయి. ఇవి నేటి పాస్‌పోర్టులవంటివే. అయితే అలెగ్జాండ్రియాలోని అధికారి ఆ పత్రాలతో తృప్తిపడక సొమ్ము అడిగాడు. ఈజిప్టు రాజధానిలో సొమ్ము చెల్లించేవరకు చెరసాలలో ఉంచారు. ఇంత జరిగినా, ఆ దేశంలో ప్రజల మధ్య ఉన్న శాంతిభద్రతలను తన స్వదేశపు దొంగల భయంతో పోల్చి బెర్నార్డ్ మెచ్చుకున్నాడు. శాంతి నిజం, లంచగొండితనమూ నిజం. ఈ రెండూ కలిసే ఉండేవి.

1009, 1065: రెండు సంఘటనలు

ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం 1009లో పరిశుద్ధ సమాధి చర్చిని కూల్పించాడు. ఇది ఉమర్ (రజి) హామీకి పూర్తిగా విరుద్ధమైన చర్య. దీనిని సమర్థించడానికి ఏ కారణమూ చాలదు. అయితే ఇది అంతటితో ముగియలేదు. తర్వాతి ఫాతిమీ పాలకులు బైజాంటియంతో సంధి చేసుకొని పునర్నిర్మాణానికి అనుమతించారు. 1047లో జెరూసలేం వచ్చిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఆ చర్చిని చూసి, ఎనిమిది వేలమంది పట్టేటంత విశాలమైనదని వర్ణించాడు. రూమ్ దేశం నుండి క్రైస్తవులు, యూదులు అక్కడికి జియారత్‌కై వస్తుంటారని కూడ వ్రాశాడు. అంటే విధ్వంసం జరిగిన నాలుగు దశాబ్దాలలోనే యాత్ర యథాప్రకారం సాగుతున్నదన్నమాట.

క్రూసేడులకు మునుపు జరిగిన అతి పెద్ద సామూహిక యాత్ర 1064లో జర్మనీ నుండి బయలుదేరింది. మైంజ్ ఆర్చిబిషప్ సీగ్‌ఫ్రీడ్, బాంబెర్గ్ బిషప్ గుంతర్, ఉట్రెక్ట్, రీగెన్స్‌బర్గ్ బిషప్పులు దీనికి నాయకులు. నాటి రచయితలు వీరి సంఖ్యను ఏడు వేల నుండి పన్నెండు వేల వరకు చెప్పారు. బిషప్పులు తమ హోదాకు తగిన ఆడంబరంతో, వెండి పాత్రలతో, విలువైన వస్త్రాలతో ప్రయాణించడం దోపిడీదార్ల దృష్టిని ఆకర్షించింది. 1065 మార్చి 25న, శుభ శుక్రవారం నాడు, రమ్లా సమీపంలో బెడూయిన్ తెగలవారు వారిపై విరుచుకుపడ్డారు. యాత్రికులు ఒక ప్రహరీలో తలదాచుకొని మూడు రోజులు ప్రతిఘటించారు. సంప్రదింపులకు వచ్చిన బెడూయిన్ నాయకుడు బిషప్ గుంతర్ మెడకు తలపాగా బిగించగా, బలాఢ్యుడైన ఆ బిషప్ అతణ్ణి ఒక్క దెబ్బతో నేలకూల్చాడని లాంబర్ట్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. చివరకు సోమవారం నాడు రమ్లాలోని ఫాతిమీ గవర్నరు సైన్యంతో వచ్చి దోపిడీదార్లను తరిమివేశాడు. యాత్రికులు కొన్నాళ్ళు రమ్లాలో విశ్రమించి, ఏప్రిల్ 12న జెరూసలేం చేరారు.

ఈ దాడిని మతహింసకు ఉదాహరణగా చూపిన రచయితలున్నారు. కాని దాడి చేసినవారు ముస్లిములైనట్లే, కాపాడినవారు కూడ ముస్లిములే. ఎడారి తెగలు హాజీలను సైతం విడిచిపెట్టలేదు. 1757లో డమాస్కస్ హజ్ కాఫిలాపై బనూ సఖ్ర్ తెగ జరిపిన దాడిలో వేలాది హాజీలు మరణించారు. కనుక ఇక్కడ ప్రశ్న మతానికి సంబంధించినది కాదు, దారిపై ప్రభుత్వానికి ఎంత పట్టు ఉన్నదన్నదే. ప్రభుత్వం బలహీనమైతే అభయపత్రం వట్టి కాగితమే అవుతుంది.

సలాహుద్దీన్ నిర్ణయం

1099 జులైలో క్రూసేడర్లు నగరాన్ని పట్టుకొని ముస్లిములను, యూదులను ఊచకోత కోశారు. 1187 అక్టోబరు 2న సుల్తాన్ సలాహుద్దీన్ నగరాన్ని తిరిగి తీసుకున్నప్పుడు, సమాధి చర్చిని కూల్చివేస్తే క్రైస్తవులు ఇక రారని కొందరు సలహా ఇచ్చినట్లు ఆయన కార్యదర్శి ఇమాదుద్దీన్ వ్రాశాడు. ఎక్కువమంది దీనిని వ్యతిరేకించారు. ఉమర్ (రజి) కూల్చని దానిని మనం కూల్చరాదన్నది వారి వాదం. సుల్తాన్ ఈ అభిప్రాయాన్నే అనుసరించాడు. ఐదున్నర శతాబ్దాల నాటి ఒక పూర్వోదాహరణ ఇక్కడ ఒక కట్టడాన్ని కాపాడింది.

1192 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు రిచర్డ్‌తో కుదిరిన సంధి ప్రకారం నిరాయుధులైన క్రైస్తవ యాత్రికులకు దారి తెరువబడింది. నిన్నటివరకు కత్తి పట్టిన సైనికులే బృందాలుగా ఏర్పడి జెరూసలేం వెళ్ళారు. తన ఉత్తరం లేనివారిని రానివ్వవద్దని రిచర్డ్ కోరగా, సుల్తాన్ అంగీకరించలేదని ఆయన జీవితచరిత్ర వ్రాసిన బహాఉద్దీన్ పేర్కొన్నాడు. అంత దూరం నుండి జియారత్‌కై వచ్చినవారిని ఆపడం సుల్తాన్‌కు ధర్మంగా తోచలేదు. ఇందులో రాజనీతి కూడ ఉంది: మొక్కు తీర్చుకున్న సైనికుడు ఇంటిముఖం పడతాడు. ధర్మమూ రాజనీతీ ఒకే దారిలో నడచిన అరుదైన సందర్భమిది.

వెనీస్ ఓడలు, మమ్లూకుల దారి

సామూహిక యాత్ర ఒక క్రమబద్ధమైన వ్యవస్థగా రూపొందినది మమ్లూకుల కాలంలో. నేపుల్స్ రాజు రాబర్ట్, రాణి సాంచియా సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్‌తో జరిపిన సంప్రదింపుల ఫలితంగా ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు సియోను కొండపై నివాసం లభించింది. 1342లో పోపు దానిని ధ్రువీకరించాడు. యాత్రికులకు ఆతిథ్యమిచ్చే బాధ్యత వీరిది. సముద్ర ప్రయాణం వెనీస్ ఓడలది. నేలపై రక్షణ మమ్లూకు అధికారులది.

ఈ వ్యవస్థను అత్యంత వివరంగా వర్ణించినవాడు జర్మనీలోని ఉల్మ్ మఠానికి చెందిన ఫీలిక్స్ ఫాబ్రి. ఇతడు 1480లో ఒకసారి, 1483లో మరొకసారి వచ్చాడు. మొదటిసారి పుణ్యభూమిలో గడిపినది తొమ్మిది రోజులే. హడావిడిగా చూసినదేదీ మనసులో నిలవలేదని బాధపడి మళ్ళీ బయలుదేరాడు. వెనీస్‌లో ఓడ యజమానులు యాత్రికులను ఆకర్షించడానికి పోటీపడేవారు. చివరకు లిఖితపూర్వకమైన ఒప్పందం జరిగేది. ఫాబ్రి బృందం ఒక్కొక్కరికి నలభై డకాట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది; సగం వెనీస్‌లో, సగం జాఫాలో. రోజుకు రెండు పూటల భోజనం, గాడిదల కిరాయి, దారిలోని సుంకాలు అన్నీ యజమానివే. దారిలో ఎవరైనా మరణిస్తే వారి సామాను విషయంలో ఏమి చేయాలో కూడ అందులో వ్రాయబడింది. నేటి యాత్రా సంస్థల ఒప్పందాలకు ఇది మాతృక అనవచ్చు.

జాఫా చేరిన తర్వాత అనుమతి వచ్చేవరకు ఎవరూ ఓడ దిగరాదు. దిగిన ప్రతి వ్యక్తి పేరు, తండ్రి పేరు ముస్లిం లేఖకులు నమోదు చేసుకునేవారు. ఆ తర్వాత వారిని ఒడ్డునున్న పాడుబడిన నేలమాళిగలలో ఉంచేవారు. అవి ఎంత దుర్గంధభూయిష్టంగా ఉండేవో ఫాబ్రి దాచకుండా వ్రాశాడు. అంతలోనే స్థానిక వర్తకులు చాపలు, సుగంధద్రవ్యాలు, తినుబండారాలు తెచ్చి అమ్మిన సంగతి కూడ వ్రాశాడు. అక్కడి నుండి గాడిదలపై రమ్లా, ఆపై జెరూసలేం. సమాధి చర్చి తలుపు వద్ద ముస్లిం ద్వారపాలకులు యాత్రికులను లెక్కించి లోపలికి పంపి, రాత్రంతా తాళం వేసి ఉంచేవారు. ప్రవేశ రుసుము గణనీయంగా ఉండేది. దారిలో చిల్లర వసూళ్ళు, రాళ్ళు రువ్వే పిల్లలు, అదనపు బహుమానానికి వేధించేవారు ఉండనే ఉన్నారు.

ఇదే ఫాబ్రి ఒక మధురమైన విషయం కూడ చెప్పాడు. 1480లో తనను మోసిన గాడిద యజమాని 1483లో తనను గుర్తుపట్టి, నవ్వుతూ కౌగిలించుకున్నాడట. అతనికి ఇవ్వడానికి ఫాబ్రి ఉల్మ్ నుండి ఇనుప రికాబులు వెంట తెచ్చాడు. ఇద్దరి మతాలు వేరు, భాషలు వేరు. మూడేళ్ళపాటు ఒకరినొకరు మరువకపోవడానికి ఇవేవీ అడ్డు రాలేదు.

రమ్లాలో చదివిన నియమాలు

రమ్లా మజిలీలో ఫ్రాన్సిస్కన్ మఠాధిపతి యాత్రికులందరినీ సమావేశపరచి ఇరవై ఏడు నియమాలు చదివి వినిపించేవాడు. ముస్లిముల సమాధులను తొక్కరాదు. వారు నమాజు చేస్తుంటే నవ్వరాదు. మసీదులలో ప్రవేశించరాదు. వారి స్త్రీలవైపు తేరిపార చూడరాదు. వారికి మద్యం ఇవ్వరాదు. ఎవరైనా కొట్టినా తిరిగి చేయి చేసుకోక అధికారులకు చెప్పుకోవాలి. పవిత్ర స్థలాలలో రాళ్ళు పగులగొట్టి తీసుకుపోరాదు. గోడలపై తమ పేర్లు, వంశ చిహ్నాలు చెక్కరాదు.

ఈ నియమాలను పరిశీలిస్తే రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, నిషేధం ఉన్నచోట ఆ తప్పు జరుగుతుండేదనే అర్థం. యూరప్ ప్రభువులు పరిశుద్ధ సమాధి రాళ్ళపైనే తమ పేర్లు చెక్కేవారని ఫాబ్రి కోపంతో వ్రాశాడు. తమ క్షేత్రాన్ని తమవారి నుండే కాపాడుకోవలసిన అవసరం వారికి కలిగింది. రెండవది, శాంతి ఒక పక్షం ఇచ్చే దానం కాదు. రెండు పక్షాలూ పాటించవలసిన మర్యాద. పాలకుడు అభయమిస్తాడు, అతిథి ఆ ఇంటి కట్టుబాట్లను గౌరవిస్తాడు. ఈ ఇరువురిలో ఎవరు తప్పినా యాత్ర చెడుతుంది.

1483లోనే వచ్చిన మరో యాత్రికుడు బ్రైడెన్‌బాఖ్ గ్రంథం 1486లో మైంజ్‌లో అచ్చయింది. ముస్లిముల గురించి అందులో దూషణలు కొల్లలు. అయినా ఆ గ్రంథంలోనే అరబీ అక్షరమాల అచ్చువేయబడి, అనేకమంది యూరప్ పాఠకులకు తొలిసారిగా ఆ లిపి కనిపించింది. దూషించడానికి పోయినవాడు కూడ కొంత నేర్చుకునే వచ్చాడు.

'హాజీ' అయిన క్రైస్తవులు

1517లో జెరూసలేం ఉస్మానీల చేతికి వచ్చింది. ఈ కాలంలో పశ్చిమ యూరప్ యాత్రికులకంటె గ్రీకు, అర్మీనియన్, బల్గేరియన్, సెర్బియన్ యాత్రికుల బృందాలే అధికం. వీరంతా ఉస్మానీ సుల్తాన్ ప్రజలే. జెరూసలేం దర్శించి వచ్చిన క్రైస్తవుడు తన ఊళ్ళో 'హాజీ' అనే గౌరవం పొందేవాడు. గ్రీకులలో 'హాట్జి', బల్గేరియన్లలో 'హాజి' అనే మాటలు ఇంటిపేర్లకు ముందు నేటికీ నిలిచి ఉన్నాయి. మక్కా యాత్రకు చెందిన పదాన్ని బైబిలు యాత్రికులు తమ గౌరవచిహ్నంగా స్వీకరించడం ఇరుగుపొరుగు జీవనానికి దర్పణం.

అయితే ఈ కాలంలో ఘర్షణ ఎక్కువగా క్రైస్తవ శాఖల మధ్యనే జరిగింది. ఏ బలిపీఠం ఎవరిది, ఏ దీపం ఎవరు వెలిగించాలి అనే తగాదాలు సుల్తాన్ దర్బారు వరకు వెళ్ళేవి. 1852 ఫర్మాను ద్వారా ఉన్నది ఉన్నట్లే ఉంచాలని నిర్ణయించబడింది. నేటికీ అదే కట్టుబాటు. చర్చి తాళపుచెవి జూదా వంశీయుల వద్ద, తలుపు తెరిచే హక్కు నుసైబా వంశీయుల వద్ద ఉన్నాయి. ఈ రెండూ ముస్లిం కుటుంబాలు. తరతరాలుగా ఈ బాధ్యత చెక్కుచెదరలేదు.

ఆధునిక కాలం

యాత్రికుల నుండి వసూలు చేసే సుంకాలను ఈజిప్టు సేనాని ఇబ్రాహీం పాషా 1830 దశకంలో రద్దు చేశాడు. ఆవిరి ఓడలు వచ్చిన తర్వాత యాత్ర స్వరూపమే మారిపోయింది. 1869లో థామస్ కుక్ తన తొలి బృందాన్ని తెచ్చాడు. 1882లో ఫ్రాన్స్ నుండి సుమారు వెయ్యిమంది క్యాథలిక్కులు ఒకే యాత్రగా వచ్చారు. అదే ఏడు రష్యాలో పలస్తీనా సంఘం ఏర్పడి పేద రైతులకు వసతి కల్పించసాగింది. 1892లో జాఫా-జెరూసలేం రైలుమార్గం ప్రారంభమైంది. మమ్లూకుల నాటి నేలమాళిగలు కథలుగా మిగిలాయి.

తెలుగు ప్రాంతంలోనూ ఈ యాత్రకు ప్రభుత్వ ఆదరణ లభించింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేం వెళ్ళే క్రైస్తవులకు ఆర్థిక సహాయాన్ని ప్రారంభించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హజ్ యాత్రికులకు, జెరూసలేం యాత్రికులకు ఆ సహాయాన్ని ఒకే నిర్ణయంతో పెంచింది. మూడు లక్షల రూపాయల లోపు వార్షికాదాయం గలవారికి 40,000 రూపాయల నుండి 60,000 రూపాయలకు. ఒకే ఊరి నుండి ఒకరు మక్కాకు, మరొకరు బేత్లెహేముకు పయనమయ్యే దృశ్యం తెలుగువారికి కొత్త కాదు.

పర్యవసానం

పైన చూచిన పదమూడు శతాబ్దాల చరిత్ర బోధించేది ఇది. ముస్లిం పాలనలో క్రైస్తవ యాత్రికునికి దారి మూసివేయడం అపవాదం. తెరిచి ఉంచడం నియమం. కాని ఆ నియమం తనంతట తానుగా నిలబడలేదు. ఉమర్ (రజి) మాటను జ్ఞాపకం చేసినవారు ఉన్నప్పుడు, దారిని కాపాడే గవర్నరు ఉన్నప్పుడు, లంచగొండిని అదుపులో పెట్టే పాలకుడు ఉన్నప్పుడు అది నిలిచింది. వీరు లేనప్పుడు సడలిపోయింది. యాత్రికుల ఫిర్యాదులు ఇస్లాం న్యాయంపై ఫిర్యాదులు కావు. ఆ న్యాయాన్ని అమలు జరుపనివారిపై ఫిర్యాదులు. వాటిని కప్పిపుచ్చడం వల్ల ఇస్లాంకు గౌరవం పెరగదు.

పూర్వీకులు ఇచ్చిన మాట వారసులకు ఆస్తి కాదు, అప్పు. గొప్పగా చెప్పుకోవడం వల్ల ఆ అప్పు తీరదు. తమ ఊళ్ళో, తమ వీధిలో ఇతర మతస్థుల ప్రార్థనాలయానికి, వారి ఊరేగింపుకు, వారి యాత్రకు రక్షణగా నిలబడినప్పుడే తీరుతుంది.